బూడిదలో తగరపు బొట్టు

ముప్పై రెండేళ్లకే రిటైరయ్యానంటే మా ఇంట్లో నవ్వుతారు. కానీ ఏడేళ్లు కూర్చున్న ఆ బల్ల దగ్గరికి నేను మళ్లీ వెళ్లను. వెళ్లనని తెలిశాక దాన్ని ఏమనాలో నాకు వేరే మాట దొరకలేదు. నా తర్వాత అక్కడ చేరిన మౌనిక ఫోన్ చేసి, "అక్కా, రిజిస్టర్లన్నీ చదివాను. కానీ ఈ ఉద్యోగంలో అసలు చూసుకోవాల్సింది ఏంటో వాటిల్లో లేదు" అంది. నిజమే, లేదు. అందుకని పాప పడుకున్నాక కొంచెం కొంచెంగా ఇది రాస్తున్నాను. మధ్యలో లేచి పాప ఊపిరి చూసుకుని వచ్చి మళ్లీ మొదలుపెడతాను కాబట్టి ఎక్కడైనా అతుకు కనిపిస్తే సర్దుకోండి.

మేం చేసేది

గుంటూరులో పాతిక మంది పనిచేసే చిన్న పోత కార్ఖానా అది. పత్తి గింజల నూనె మిల్లులకు, రంగుల షెడ్లకు, బియ్యం మిల్లులకు కావలసిన ఇత్తడి సామాను, గన్‌మెటల్ అనే ఒక రకం కంచు సామాను పోస్తారు. అన్నిట్లోకీ చిన్నది బాయిలరు ప్లగ్గు. బొటనవేలంత లావు గన్‌మెటల్ మర, దాని మధ్యలో నిలువునా ఒక బెజ్జం, ఆ బెజ్జం నిండా పోసిన తగరం. అంతే.

ఆ ప్లగ్గును బాయిలరులో పొయ్యి గది నెత్తి మీద బిగిస్తారు. కింద మంట, పైన నీళ్లు. నీళ్లు ఉన్నంతసేపు తగరం చల్లగానే ఉంటుంది. చల్లగా అంటే నూట డెబ్బై డిగ్రీలు, బాయిలరు భాషలో అది చల్లనే. నీళ్లు తగ్గి ప్లగ్గు బయటపడితే మంట వేడి నేరుగా తగరానికి తగులుతుంది. రెండొందల ముప్పై రెండు దగ్గర అది కరిగి కారిపోతుంది, ఆ బెజ్జంలోంచి ఆవిరి బుస్సుమని పొయ్యిలోకి దూకి మంటను అణిచేస్తుంది, ఆ చప్పుడుకి మనుషులు పరిగెత్తుతారు. నీటి మట్టం చూపించే గేజి అబద్ధం చెప్పినా, మనిషి కునుకు తీసినా, ఆఖరికి మిగిలే కాపలాదారు ఈ తగరం ముక్కే.

నేను మెటలర్జీ చదివాను. అక్కడ నా పని ఏమిటంటే, పోసిన ప్రతి విడతలోంచి కొంచెం తగరం తీసి సన్నటి గాజు గొట్టంలో వేసి, నూనె గిన్నెలో ముంచి, మెల్లగా వేడి పెంచుతూ అది ఎన్ని డిగ్రీల దగ్గర కరుగుతుందో చూసి సర్టిఫికెట్ మీద సంతకం పెట్టడం. రెండొందల ముప్పై రెండు, రెండొందల ముప్పై రెండు, రెండొందల ముప్పై రెండు. ఏడేళ్లు ఇదే అంకె రాశాను. చదువుకున్న చదువంతా ఒక అంకెలో ఇరుక్కుపోయిందని రెండో ఏడు నుంచే అనిపించేది. ఇది ఇక్కడ ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

దిమ్మ ముఖం

పోత పనంతా వీరాచారి గారి చేతిలో ఉండేది. అరవై దాటిన మనిషి. అందరూ మేస్త్రి అంటారు, నేను బాబాయ్ అనేదాన్ని. చేరిన కొత్తలో ఆయన నన్ను పిలిచి రెండు దిమ్మలు చూపించాడు. ఒకటి తగరం, ఒకటి బిస్మత్ అనే లోహం. రెండూ ఒకే అచ్చులో, ఒకే గరిటెతో పోసినవి.

"ఏంది తేడా చెప్పు అమ్మాయ్."

"రంగు బాబాయ్. బిస్మత్ కొంచెం గులాబీ."

"రంగు మా మనవరాలు కూడా చెప్పిద్ది. ముఖం చూడు."

తగరం దిమ్మ నడుమ గుంట పడి ఉంది. బిస్మత్ దిమ్మ నడుమ ఉబ్బి, బుడిపె లేచింది. చల్లారేటప్పుడు తగరం కుంచించుకుపోతుంది, బిస్మత్ పొంగుతుంది. ఐస్ గడ్డ గిన్నెను పగలగొట్టినట్టు.

నేను పుస్తకంలో చదివిన సూత్రం ఒకటి అప్పుడు కళ్ల ముందు నిలబడింది. దాదాపు అన్ని లోహాలూ కరిగేటప్పుడు కొంచెం పెరుగుతాయి, ఎక్కువ చోటు అడుగుతాయి. బయటి నుంచి గట్టిగా నొక్కితే ఆ చోటు దొరకదు, కాబట్టి కరగడానికి ఇంకాస్త వేడి కావాలి. అంటే ఒత్తిడి పెరిగితే కరిగే వేడి కూడా పెరుగుతుంది. బిస్మత్ లాంటివి తిరగబడతాయి. అవి కరిగితే తగ్గుతాయి, కాబట్టి నొక్కితే కరగడానికి సాయం చేసినట్టే. ఏ లోహం ఎటు మొగ్గుతుందో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. చల్లారిన దిమ్మ ముఖం మీద గుంట ఉందా బుడిపె ఉందా చూస్తే చాలు.

భూమి నడిబొడ్డున ఉన్న ఇనుము మన కొలిమిలో నీరైపోయే వేడి కన్నా మూడింతలకు పైగా వేడిగా ఉండి కూడా గట్టిగానే ఉందంటారు. చుట్టూ ఉన్న భూమి బరువు దాన్ని కరగనివ్వదు. ఈ మాట చెబితే ఆచారి బాబాయ్ గరిట దించి నేలకేసి చూశాడు. "అంత బరువు కింద ఉండి కూడా కరక్కుండా ఉందా? పాపం" అన్నాడు. ఇనుము మీద జాలిపడిన మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.

కొత్తగా చేరేవాళ్లకు నా మొదటి మాట ఇదే. గరిట పట్టినవాళ్ల పక్కన నెల రోజులు నిలబడండి. వాళ్లకు సూత్రం తెలియకపోవచ్చు, సూత్రం పుట్టిన చోటు తెలుసు.

శ్రీకర్ ప్రశ్న

చీరాలలో నూలుకు రంగులద్దే షెడ్డు ఒకటి మా ప్లగ్గులు కొనేది. రంగు తొట్లు కాచడానికి అక్కడ ఒక పాత కట్టెల బాయిలరు ఉంది. సరుగుడు దుంగలు వేసి మండిస్తారు. తండ్రి దగ్గర నుంచి షెడ్డు చేతికి తీసుకున్న శ్రీకర్ ఇంజనీరింగ్ చదివిన కుర్రాడు, మర్యాదస్తుడు. ఒకరోజు నాకు పెద్ద మెసేజ్ పెట్టాడు.

వాళ్ల బాయిలరు మనిషి, పేరు యేసోబు, తొట్లలో నూలు లాటు సగంలో ఉండగా "నీళ్లు లేవు, నీళ్లు లేవు" అని అరిచి పొయ్యిలోంచి కట్టెలన్నీ బయటికి లాగేశాడట. తొట్లలో వేడి పడిపోయి నూలంతా మచ్చలు మచ్చలుగా పాడైపోయింది. తీరా చూస్తే గేజి గ్లాసులో నీళ్లు సగానికున్నాయి. ప్లగ్గు కూడా పోలేదు, అంటే కరిగి ఆవిరి వదల్లేదు. యేసోబు మాత్రం నీళ్లు తగ్గాయనే అంటున్నాడు. ఇక్కడ శ్రీకర్‌కు చదువు గుర్తొచ్చింది. 'మేడం, మీరు ప్లగ్గుల్ని గాలిలో, మామూలు ఒత్తిడిలో పరీక్షిస్తారు. మా బాయిలరులో ఏడు కేజీల ఒత్తిడి ఉంటుంది. ఒత్తిడి వల్ల తగరం కరిగే ఉష్ణోగ్రత పెరిగిపోయి, ప్లగ్గు కరగాల్సినప్పుడు కరగలేదేమో? మీ అభిప్రాయం రాతపూర్వకంగా కావాలి.'

ఏడేళ్లలో నన్ను ఎవరైనా అడిగిన మొదటి మంచి ప్రశ్న అది. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఇంటికెళ్లి అట్టపెట్టెలోంచి పాత పుస్తకాలు తీశాను. లెక్క నిముషాల పని. వెయ్యి రెట్ల వాతావరణ ఒత్తిడి పెడితే తగరం కరిగే వేడి మూడు డిగ్రీల పైచిలుకు పెరుగుతుంది. ఏడు కేజీలంటే సుమారు ఏడు రెట్లు, దానికి వచ్చేది డిగ్రీలో వందో వంతులు రెండు. నా థర్మామీటరు అర డిగ్రీ కన్నా చిన్నది చూపించలేదు. ప్రశ్న మంచిదే, జవాబు 'ఏమీ లేదు'.

మర్నాడు లెటర్‌హెడ్ మీద రెండు వాక్యాలు రాశాను. మొదటిది: 'బాయిలరు ఒత్తిడి వల్ల తగరం కరిగే ఉష్ణోగ్రతలో వచ్చే మార్పు లెక్కపెట్టనక్కర్లేనంత స్వల్పం.' అది ఈ రోజు అడిగినా రాస్తాను. రెండోది: 'కాబట్టి ప్లగ్గు కరగలేదంటే ఆ చోట వేడి రెండొందల ముప్పై రెండు డిగ్రీలకు చేరలేదని అర్థం.'

మా ఓనరు కోటేశ్వరరావు గారు చదివి, "శభాష్, ఇదీ రాయడమంటే" అని స్టాంపు వేశారు. మన ప్లగ్గు తప్పు లేదని తేలితే ఆయనకు చాలు. ఆచారి బాబాయ్‌కి కూడా చూపించాను, గొప్ప కోసం. ఆయన కళ్లజోడు సర్దుకుని చదివి ఒకటే అడిగాడు.

"ప్లగ్గు చూశావా అమ్మాయ్?"

"అక్కర్లేదు బాబాయ్. లెక్క చేశాను."

ఆయన కాగితం ఇచ్చేసి గరిట తీసుకున్నాడు.

యేసోబు

పది రోజుల తర్వాత, మధ్యాహ్నం అన్నాలు తిని చేతులు కడుక్కుంటుంటే గేటు దగ్గర ఒకాయన నిలబడ్డాడు. యాభై ఏళ్లుంటాయి. ముంజేతుల మీద వెంట్రుక లేదు, ఏళ్ల తరబడి మంట ముందు నిలబడ్డవాళ్లకి ఉండదు. ఫోన్ తీసి నా ఉత్తరం ఫోటో చూపించాడు.

"మీరేనా అమ్మా ఈ కాయితం రాసింది?"

"నేనేనండి. మీరు?"

"యేసోబునండి. చీరాల రంగుల షెడ్డు. మీకు నేను తెలుసా?"

"తెలియదండి."

"మరి నేను అబద్ధం చెప్పానని మీకెట్టా తెలిసింది?"

నేనలా రాయలేదన్నాను.

"మీరు రాయలేదులే అమ్మా. మీ కాయితం చదివి వాళ్లన్నారు. పద్దెనిమిదేళ్లు చేశాను ఆడ. గేజి నీళ్లున్నాయంది, ప్లగ్గు వేడి లేదంది, గుంటూరు నుంచి ఇంజనీరమ్మ కూడా వేడి లేదంది. ఇక నా మాట ఎవురింటారు? తాగి లాటు పాడుచేశానని వాట్సాప్ గ్రూపులో పెట్టారు ఈ కాయితం. మా సంఘంలో పాస్టరు గారు కూడా చదివారు."

"నీళ్లు తగ్గాయని మీరెలా కనిపెట్టారు?"

"నీళ్లున్న బాయిలరు కూనిరాగం తీసిద్దమ్మా. పక్కన నిలబడితే కడుపులో తెలుసుద్ది. ఆ రోజు ఉన్నట్టుండి నోరు మూసుకుంది. ఇనుం కాలిన వాసనొచ్చింది. గేజి చూస్తే సగానికున్నాయి. నాకు గేజి మీద నమ్మకం కలగలా. లాగేశాను."

తర్వాత జేబులోంచి అగ్గిపెట్టె తీసి తెరిచాడు. లోపల దూది, దూదిలో తెల్లగా మెరిసే బొట్టు ఒకటి. కందిగింజ కన్నా కొంచెం పెద్దది, సన్నటి తోక ఉంది.

"ఆ మర్నాడు బూడిద తోడి పోస్తంటే తగిలింది. ఏందో తెలవదు. మా ఆవిడ వెండి అనుకుని కమ్మలకి పనికొస్తదా అనింది. మీ ఆచారి గారికి చూపిద్దామని తెచ్చా."

ఆచారి బాబాయ్ ఆ తోకను చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా వంచాడు. శుద్ధమైన తగరం వంచితే లోపల సన్నగా కిర్రుమంటుంది. ఇదీ కిర్రుమంది. బొట్టును సగానికి కోసి ఒక ముక్క నా చేతిలో పెట్టాడు.

నూనె గిన్నె వెలిగించాను. ముగ్గురం వంగి చూస్తున్నాం. రెండొందల పది. రెండొందల ఇరవై. యేసోబు లోపల ప్రార్థన చేసుకుంటున్నట్టు పెదాలు కదిలిస్తున్నాడు. రెండొందల ముప్పై. గాజు గొట్టంలో ముక్క అంచులు వాడిగానే ఉన్నాయి. రెండొందల ముప్పై రెండు దగ్గర ఆ అంచులు కుంగి, ముక్క గుండ్రంగా మారి, గొట్టం అడుగున కంటి నీటిబొట్టులా నిలబడింది.

ఏడేళ్లలో వందల సార్లు చూసిన దృశ్యం. ఆ రోజు మాత్రం అంకె రాయడం మర్చిపోయాను. సరుగుడు కట్టెలో తగరం ఉండదు. ఆ పొయ్యిలో తగరం ఉన్న చోటు ఒక్కటే. ప్లగ్గు కరిగింది. కరిగి కిందికి కారింది. ఆవిరి మాత్రం బయటికి రాలేదు.

"ఏదో అడ్డుపడింది పైన" అన్నాడు బాబాయ్. "పెచ్చు. చీరాల బోరు నీళ్లకి బండలాగా పెచ్చు కట్టిద్ది."

"ఇప్పుడా బాయిలరు నడుస్తోందా?" యేసోబును అడిగాను.

"పొద్దున కూడా నడిపారమ్మా. లారీ మీద చేసినతన్ని పెట్టుకున్నారు."

"అదే ప్లగ్గుతోనా?"

"పోని ప్లగ్గుని ఎవరు మారుస్తారు? పది మంది ఆడవాళ్లు నూలు జాడిస్తా ఉంటారు, ఆ గోడ పక్కనే."

ఫోన్

శ్రీకర్ రెండో రింగుకే ఎత్తాడు.

"బాయిలరు ఆపండి శ్రీకర్ గారూ. కట్టెలు లాగించండి."

"ఏంటండీ? లాటు మధ్యలో ఉంది. ప్లగ్గు బాగానే ఉందని మీరే కదా రాశారు?"

"ఆ రెండో వాక్యం తప్పు. ప్లగ్గులో తగరం లేదు. ఉప్పు పెచ్చు మీద ఆగి ఉంది మీ బాయిలరు."

"గేజిలో నీళ్లు సగానికున్నాయి మేడం. నేనిప్పుడు చూస్తూనే మాట్లాడుతున్నా."

"ఆ రోజు కూడా సగానికే ఉన్నాయి."

యేసోబు నా ఫోన్ దగ్గరికి వంగి గట్టిగా అన్నాడు. "బాబూ, నేను యేసోబుని. గేజి కింద కుళాయి కాకు తిప్పి నీళ్లొదిలి మళ్లీ కట్టెయ్యండి. నీళ్లు టక్కున పైకి లేస్తే నాదే తప్పు."

చెప్పుల చప్పుడు, ఇనుము మీద ఇనుము చప్పుడు వినిపించింది.

"లేవట్లేదు." శ్రీకర్ గొంతు మారిపోయింది. "పాకుతూ వస్తున్నాయి. గేజికి నీళ్లొచ్చే కింద గొట్టం పూడిపోయినట్టుంది."

"పొయ్యి ఖాళీ చేయించండి బాబూ," అన్నాడు యేసోబు, "చన్నీళ్లు మాత్రం పెట్టమాకండి, పగిలిపోయిద్ది. ఆడోళ్లని ముందు బయటికి పంపండి."

ఫోన్ కట్ కాలేదు. శ్రీకర్ కేకలు వినపడుతూనే ఉన్నాయి. "ఒరేయ్, లాగరా కట్టెలు! అమ్మా, మీరందరూ బయటికి నడవండి, నూలు వదిలేయండి, నడవండి!"

నేను స్టూలు మీద కూర్చుండిపోయాను. అప్పటికి నాకు నాలుగో నెల. ఎవరికీ చెప్పలేదు. చేయి పొట్ట మీదికి దానంతట అదే వెళ్లింది.

కోటేశ్వరరావు గారు

మా ఓనరు చెడ్డ మనిషి కాదు. జీతం ఒక్క నెల ఆపలేదు. కానీ ఆ సాయంత్రం ఆయన నన్ను రెండు ప్రశ్నలు వెంటవెంటనే అడిగారు. "ప్లగ్గు చూడకుండా లెటరెందుకిచ్చావమ్మా?" అన్నది మొదటిది. "ఇచ్చింది ఇచ్చావు, మళ్లీ తప్పని ఎందుకు చెప్పావు?" అన్నది రెండోది.

"రేపు చీరాల వెళ్లి ప్లగ్గు కోసి చూసి, మళ్లీ రాసిస్తానండి."

"నా లెటర్‌హెడ్ మీద రాయడానికి వీల్లేదు. మనం రాసింది మనమే కాదంటే రేపు మన సర్టిఫికెట్ ఎవడు నమ్ముతాడు?"

"కాదనకపోతే ఎవరు నమ్ముతారండి?"

"తెల్ల కాయితం మీద రాసుకో. నీ పేరు మీద" అన్నారు. లేచి వెళ్తూ వెళ్తూ, "ఆచారిని తోడు తీసుకెళ్లు. రంపం మర్చిపోమాకండి" అన్నారు.

యజమానుల గురించి నేను నేర్చుకున్నది ఆ ఒక్క సాయంత్రంలో ఉంది. వాళ్ల నుంచి ధైర్యం ఎదురుచూడొద్దు. అడ్డం రాకపోతే అదే పెద్ద సాయమనుకుని రైలెక్కండి.

చీరాల

మర్నాటికి బాయిలరు చల్లారింది. షెడ్డు బయట రంగు నూలు తీగల మీద ఆరుతోంది, నీలం, కుంకుమ రంగు. లోపల నూలు జాడించే ఆడవాళ్లు పని లేక గోడ నీడన కూర్చున్నారు. నన్ను చూసి ఒకామె, "ఈవిడేనా కాయితాలమ్మ?" అంది. పక్కనామె కొంగు నోటికడ్డం పెట్టుకుంది. తలొంచుకుని లోపలికి వెళ్లాను.

ప్లగ్గు విప్పింది యేసోబే. ఇంకెవరికీ ఇవ్వలేదు. మంట వైపు మసి మూసుకుపోయి ఉంది. తుడిస్తే లోపల బెజ్జం బోలుగా ఉంది. ఆచారి బాబాయ్ దాన్ని బిగించి రంపంతో నిలువునా కోశాడు. అరగంట పట్టింది. రెండు ముక్కలూ విడిపోయాక అందరం చూశాం. బెజ్జంలో తగరం లేదు, గోడల వెంట సన్నటి పూత మిగిలింది. నీటి వైపు మూతిన, నత్తగుల్లలా గోధుమరంగు పెచ్చు కమ్ముకుని ఉంది. తగరం కరిగి వెళ్లిపోయినా ఆ పెచ్చు ఏడు కేజీల ఆవిరిని పదకొండు రోజులు ఆపింది.

శ్రీకర్ స్క్రూడ్రైవరు కొసతో పక్క నుంచి తట్టాడు. పెళుక్కుమని ఊడి కింద పడింది. అతను వంగి దాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు.

"ఈ ప్లగ్గు వేసి ఎన్నేళ్లయింది?" అడిగాను.

"నాన్నగారి టైములో వేశారు. పోలేదు కదా అని ఉంచాం."

ప్లగ్గుల విషయంలో అందరూ చేసే తప్పు ఇదే. పోకపోవడం మంచి గుణం అనుకుంటారు. ఏటా విప్పి, పెచ్చు గీకి, కొత్తది వేయాలని మా సర్టిఫికెట్ మీద ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది. ఏడేళ్లు నేను అంకె రాశాను, ఆ ముక్క రాయలేదు. ఆ రోజు నుంచి రాశాం.

"రేపట్నుంచి వచ్చేయ్ యేసోబూ" అన్నాడు శ్రీకర్.

"వస్తా బాబూ. ముందు ఈ అమ్మ చేత కాయితం రాయించండి."

"ఏం కాయితం?"

"ఆ మొదటి కాయితం ఎవరెవరికి పంపారో వాళ్లందరికీ ఇది కూడా పంపాలి. పాస్టరు గారికి కూడా."

శ్రీకర్ మెడ ఎర్రబడింది. తలూపాడు.

నూలు మూట మీద తెల్లకాగితం పెట్టుకుని రాశాను. ఫలానా రోజు ప్లగ్గు నా ఎదుట విప్పారు. నా ఎదుట కోశారు. లోపల తగరం లేదు. నీటి వైపు పెచ్చు ఉంది. పొయ్యి బూడిదలో దొరికిన బొట్టు రెండొందల ముప్పై రెండు దగ్గర కరిగింది. ప్లగ్గు చూడకుండా నేను ముందు రాసిన రెండో వాక్యం తప్పు. యేసోబు గారు కట్టెలు లాగడం సరైన పని. కింద సంతకం పెట్టి యేసోబుకిచ్చాను. ఆయన గోడ నీడన ఉన్న ఆడవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి, వాళ్లలో చదువొచ్చినామె చేత గట్టిగా చదివించాడు. "కాయితాలమ్మ ఈసారి బానే రాసింది" అంది ఇందాకటి ఆవిడ. పక్కనామె ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు.

ఆ కాగితంలో 'కాబట్టి' అన్న మాట ఎక్కడా లేదు. రైల్లో వస్తూ అది గమనించాను. నా లెక్క తప్పు కాదు. ఒత్తిడి తగరాన్ని ఏం చేస్తుందో నాకు సరిగ్గానే తెలుసు. ఒత్తిడి నీళ్లను, నీళ్లలో ఉప్పును, గేజి గొట్టాన్ని, మారని ప్లగ్గును ఏం చేస్తుందో తెలియదు. తెలియని చోట 'కాబట్టి' వేసి దాటేశాను. మంచి ప్రశ్న అడిగారన్న సంతోషంలో, ఆ ప్రశ్న చివర ఒక మనిషి ఉన్నాడా అని అడగడం మర్చిపోయాను.

సీసం

నేను మానేసింది ఆ సంగతి వల్ల కాదు. మా దగ్గర పోసే గన్‌మెటల్లో సీసం కూడా కలుస్తుంది. దాని పొడి చీర కొంగుల్లో, గోళ్లలో ఇంటికి వస్తుంది, పసిబిడ్డలకు అది విషం. రక్తపరీక్ష బాగానే వచ్చింది. డాక్టరమ్మ భయం లేదంది. అయినా అయిదో నెలలో మానేశాను. పాప పుట్టాక కూడా ఆ బట్టలు అటక మీద కవర్లో కట్టే ఉన్నాయి. ఇప్పటికీ పాప ఏదైనా నోట్లో పెట్టుకుంటే పరిగెత్తి తీస్తాను. అతి అంటుంది మా అత్తగారు. కావచ్చు. మౌనికా, నువ్వు మాత్రం అతిగానే ఉండు. పని బట్టలు అక్కడే వదులు. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని గానీ అన్నం డబ్బా మూత తీయకు. ఆచారి బాబాయ్ తీయడు, చూడు.

వంటింట్లో కుక్కరు మూత మీద కూడా చిన్న సేఫ్టీ బిళ్ల ఉంటుంది, మన ప్లగ్గుకు చెల్లెలు. దాని కింద పప్పు పట్టుకుని ఉందేమో వారానికోసారి తీసి చూస్తాను. పోలేదు కదా అని వదిలేయను.

నేను వచ్చేసిన రోజు ఆ కోసిన ప్లగ్గు ముక్కల్లో ఒకటి నా బల్ల మీద లెటర్‌హెడ్ కట్ట పైన పెట్టి వచ్చాను. ఉత్తరం రాయాలంటే ముందు దాన్ని ఎత్తి పక్కన పెట్టాలి. అంతకు మించి అక్కడ నేను వదిలిన ఆస్తి ఏమీ లేదు.

ఇది రాయడం అయిపోవచ్చింది అనుకుంటుండగా నిన్న మధ్యాహ్నం మౌనిక మళ్లీ ఫోన్ చేసింది. ప్రత్తిపాడు దగ్గర నూనె మిల్లులో ప్లగ్గు ఊరికే పోయిందట, మన ప్లగ్గు మంచిదేనని వెంటనే రాసివ్వమంటున్నారట.

"ఏం చేశావు?" అన్నాను.

"ప్లగ్గు పంపమన్నానక్కా. చూడకుండా రాయనన్నాను. సార్ పొద్దుట్నుంచి అరుస్తూనే ఉన్నారు."

వెనక నుంచి నిజంగానే కోటేశ్వరరావు గారి గొంతు వినిపిస్తోంది.

"అరవనీలే" అన్నాను. "నువ్వు చేతులు కడుక్కుని అన్నం తిను."